ఊపిరి గొట్టంలో గుడ్డముక్క

నా చిన్నప్పుడు కోరుట్లలో కార్లు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని ఉండేవి. అందులో ఒకటి మా తాతయ్యది, అంటే మా అమ్మ వాళ్ళ నాన్నది. ఆయనకు వడ్ల మిల్లు ఉండేది. ఎవరో దొర వాడి వాడి విసిగి అమ్ముకుంటుంటే ఆ కారు కొన్నాడు. నల్లగా, గుండ్రటి వీపుతో, నీడలో నిలబెడితే పడుకున్న బర్రెలాగా ఉండేది. అమ్మమ్మ దాన్ని తాతయ్య రెండో పెండ్లామనేది. ఆయన కోప్పడకపోగా మురిసిపోయేవాడు.

నాన్నకు గొల్లపల్లి దగ్గర ఉద్యోగం. అక్కడ చదువు సాగదని నన్ను అమ్మమ్మ దగ్గర ఉంచారు. అందుకే ఈ సంగతికి నేను సాక్షినయ్యాను. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ధైర్యం వచ్చి చెబుతున్నానని అనుకోకండి. వినాల్సిన వాళ్ళంతా పోయారు, అందుకని చెబుతున్నాను.

ఆ కారును ముట్టుకునే హక్కు తాతయ్య తర్వాత ఊళ్ళో ఒక్కరికే ఉండేది. జగిత్యాల పోయే రోడ్డు మీద రేకుల షెడ్డులో మెకానిక్ పని చేసే చాచా. ఊరంతా ఆయన్ను మిస్త్రీ అనేవాళ్ళు, పిల్లలం చాచా అనేవాళ్ళం. ఇంట్లో ఉర్దూ, బయట మా అందరికంటే చక్కటి తెలుగు. బండి వచ్చిందంటే పానా పట్టుకుని మీద పడేవాడు కాదు. పొడుగాటి స్క్రూ డ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. నూనె కారుతోందని ఎవరైనా అంటే బండి కింద పాత ఉర్దూ పేపరు పరిచి, పొద్దున్నే వచ్చి దాని మీద పడ్డ చుక్కలను చదివేవాడు. రంగు చూసి, వేలితో రాసి, వాసన చూసి, ఇది ఇంజనుదా గేరుదా అని చెప్పేవాడు. పేపర్లో వార్తలకంటే ఆ చుక్కలే నిజం చెబుతాయని నవ్వేవాడు.

అది మొదటిసారి తెలంగాణ ఉద్యమం లేచిన ఏడాది. బడులు మూతపడ్డాయి. పెద్దవాళ్ళకు అది పోరాటం, మాకు సెలవులు. మా తాతయ్య మిల్లు ముందర పందిరి వేయించి, ఊరేగింపులో వచ్చిన పిల్లలకు మజ్జిగ పోయించి, తెల్లబట్టలు కట్టుకుని ముందు వరసలో నిలబడి జై కొట్టేవాడు. ఆయన గొంతు వింటే నాకు ఒళ్ళు పులకరించేది. ఆ జై అబద్ధం కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. కాకపోతే కారు మీద ప్రేమ అంతకంటే ఒక పిసరు ఎక్కువ నిజం.

అప్పుడే ఒక పుకారు పుట్టింది. వేములవాడ దిక్కున ఎవరిదో కారును కుర్రాళ్ళు ఆపి ఇంజనులో ఇసుక పోశారట. పోశారో లేదో చూసినవాడు ఒక్కడూ లేడు. అయినా తాతయ్యకు అన్నం సయించలేదు. పగలంతా ఏ కుర్రాళ్ళతో కలిసి జై కొట్టాడో, ఇంటికొచ్చి ఆ కుర్రాళ్ళనే తలుచుకుని భయపడేవాడు.

ఒక మధ్యాహ్నం అమ్మమ్మ కునుకు తీస్తుండగా నన్ను పిలిచి కారు ముందు మూత ఎత్తాడు. నూనె పోసే మూతను అప్పటికే గట్టిగా బిగించాడు. ఇంజను పక్క నుంచి బొటనవేలంత లావు గొట్టమొకటి పైకి వంగి ఉంది. దాని మూతి మీద జల్లెడలాంటి చిన్న మూత. ఆ మూత లాగి చూశాడు. ఊరికే వచ్చింది. లోపల దారి తెరిచే ఉంది. ఇంత బొక్క ఎవడు వదిలిపెట్టాడని తనలో తను గొణుక్కుని, ఏదన్నా పాత గుడ్డ తెమ్మన్నాడు. నేను పరుగెత్తి చినిగిపోయిన నా లంగాలోంచి ఒక పీలిక తెచ్చి ఇచ్చాను. ఆకుపచ్చ గుడ్డ మీద చిన్న చిన్న పసుపు మామిడిపిందెలు. ఆయన దాన్ని మడిచి మడిచి గొట్టంలో కుక్కి, మళ్ళీ జల్లెడ మూత పెట్టేశాడు. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు.

“గీ ముచ్చట ఎవ్వలకు చెప్పకు బిడ్డా. మన పోరగాండ్లనే నేను నమ్మలేదని తెలిస్తే మొఖం మీద ఉమ్ముతరు,” అన్నాడు.

తాతయ్య నాతో ఒక రహస్యం పంచుకున్నాడు. నాకు పదేళ్ళు. ఆ సాయంత్రం నేను నేల మీద నడవలేదు.

నాలుగు రోజులు తిరగకముందే కారు కింద నూనె మరకలు మొదలయ్యాయి. అంతకు వారం ముందే చాచా ఇంజను పై కవరు కింద కొత్త ప్యాకింగు వేశాడు. నూనె బయటికి రాకుండా రెండు ఇనపరేకుల మధ్య పెట్టే బెండు పట్టీ అది. సహజంగానే అనుమానం దాని మీదికే పోయింది. చాచా వచ్చి చూశాడు. ప్యాకింగు తీసి మళ్ళీ కొత్తది వేశాడు. రెండు రోజులు కాకుండానే పక్కన ఇంకోచోట తడి. అక్కడ బోల్టులు బిగించాడు. తర్వాత కింద నూనె నిలిచే చాంబరు దగ్గర కారింది. ఇటు ఆపితే అటు, అటు ఆపితే ఇటు. తాతయ్య ముఖం రోజురోజుకూ మాడిపోతోంది.

ఒకనాడు తాతయ్య మిల్లుకు పోయినప్పుడు చాచా వచ్చాడు. కారు కింద పరిచిన పేపరు చేతిలో పట్టుకుని చాలాసేపు చూసి, అరుగు మీద గచ్చకాయలాడుతున్న నన్ను అడిగాడు.

“నేను లేనప్పుడు ఎవలన్న ఇంజను ముట్టిన్రా బిడ్డా?”

“లేదు చాచా,” అన్నాను.

తడుముకోకుండా అన్నాను. గుడ్డకూ నూనెకూ సంబంధం ఉందని నాకు తెలియదు, నిజమే. కానీ ఆయన అడిగింది సంబంధం గురించి కాదు, ఎవరైనా ముట్టారా అని. దానికి జవాబు నాకు తెలుసు. ఆయన నన్ను నమ్మాడు. నా మాట నమ్మే ఆ గొట్టం జోలికి పోలేదు, తన పనిలోనే తప్పు వెతుక్కున్నాడు. లోకంలో ఎందరో నన్ను నమ్మారు గానీ, అంత నష్టం పడి నమ్మినవాడు ఇంకొకడు లేడు.

తర్వాతి వారం జగిత్యాలలో పెద్ద సభ. తాతయ్య ఊరి పెద్దలు నలుగురిని కారులో ఎక్కించుకుని, కారు ముందర జెండా కట్టి, పిల్లలు జై కొడుతుంటే సాగిపోయాడు. సగం దారిలో నూనె అంతా కారిపోయి ఇంజను మంటెక్కి, పొగలు కక్కి నిలబడిపోయింది. నలుగురు పెద్దలూ ఎండలో దుమ్ము కొట్టుకుంటూ నడిచారు. తాతయ్య తెల్లబట్టల నిండా నూనె. సభ దగ్గర కుర్రాళ్ళు ఆయన్ను చూసి నవ్వారట. ఆ నవ్వు ఆయన జన్మలో మరిచిపోలేదు.

మర్నాడు పొద్దున బజారు నడుమ నిలబడి చాచాను తిట్టాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడన్నాడు. చేతకాని చేతులన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆ రోజు బజారులో అరిచింది ఎవరో, మద్దెల ఎవరో నాకిప్పుడు తెలుసు. ఆ గుంపులో ఎవరో ఇంకో మాట జోడించారు. మిస్త్రీ పోలీసు జీపులు కూడా బాగుచేస్తాడు కదా, సభకు పోనివ్వకుండా కావాలనే చేశాడేమో అని. చాచా పోలీసు జీపులు బాగుచేసే మాట నిజమే. ఎడ్లబండి ఇరుసు విరిగినా ఆయనే బాగుచేసేవాడు. తాతయ్య ఆ మాట అనలేదు. కానీ కాదనీ అనలేదు. సాయంత్రానికి ఊరంతా అదే ముచ్చట. షెడ్డులో ఉన్న రెండు లారీలను వాటి ఓనర్లు సగం పనిలోనే తీసుకుపోయారు. పేరు సంపాదించడానికి ఇరవై ఏళ్ళు పట్టింది చాచాకు, పోవడానికి ఒక పూట చాలింది.

శుక్రవారం నమాజు చదువుకుని నేరుగా మా ఇంటికి వచ్చాడు. వాకిట్లో కుర్రాళ్ళూ పెద్దలూ పదిహేను మంది దాకా ఉన్నారు, ఏదో ఊరేగింపు సంగతి మాట్లాడుకుంటున్నారు. చాచాను చూసి అందరూ అటు తిరిగారు.

“సేటు, ఒక్క దినం బండి నాకియ్యుండ్రి. అందరి ముంగటనే చూస్త. తప్పు నాదని తేలితే మల్ల పానా ముట్ట,” అన్నాడు.

అందరి ముందు అడిగాడు కనక తాతయ్య కాదనలేకపోయాడు. పైగా తప్పు తేలేది చాచాదేనని ఆయన నమ్మకం. ఆ మాట కూడా చెప్పాలి. అప్పటిదాకా ఆయనకు నిజంగానే తెలియదు.

చాచా కిరసనాయిలు తెచ్చి ఇంజనును పైనుంచి కిందిదాకా కడిగాడు. గుడ్డతో తుడిచి తుడిచి, పెండ్లికూతురికి నలుగు పెట్టినంత ఓపికగా ఆరబెట్టాడు. తర్వాత అమ్మమ్మను ముగ్గుపిండి అడిగాడు. దాన్ని పలచటి గుడ్డలో కట్టి ఇంజను మీద అంతటా జల్లించాడు. నల్లటి ఇనుము తెల్లగా అయిపోయింది. నూనె ఎక్కడినుంచి పుడుతుందో ఈ పిండే చెబుతుందని, కిందికి జారిన చోటును చూస్తే మోసపోతామని చుట్టూ చేరిన వాళ్ళకు చెప్పాడు. కొత్త నూనె పోసి ఇంజను లేపాడు. అందరం వంగి చూస్తున్నాం.

ముందు పై కవరు అంచున ఒక నల్లచుక్క వచ్చింది. ఎవరో ‘అగో’ అన్నారు. అంతలో పక్కన ఇంకోటి. కింద ఇంకోటి. ఒక్కసారే నాలుగు చోట్ల పిండి నల్లబడింది. తప్పు ప్యాకింగుదైతే ఒక్క చోట కారాలి. నాలుగు చోట్లా కలిసి కారడమేమిటో ఎవరికీ అర్థం కాలేదు. చాచాకు మాత్రం అర్థమైంది. నూనె పోసే మూత తిప్పి తెరిచాడు. బుస్సుమని గాలి కొట్టి ఆయన ముఖం నిండా నూనె తుంపరలు పడ్డాయి. జనం వెనక్కి జరిగారు. దాని మీద అరచెయ్యి పెట్టి, లోపలి తోపును కాసేపు అలాగే చూశాడు. తర్వాత ఇంజను ఆపి మెల్లగా పక్కనున్న గొట్టం మీదికి చెయ్యి పోనిచ్చాడు.

లోపల ఏముందో నాకు తెలుసు.

చాచా వీపు జనం వైపు ఉంది. అటువైపు బంపరు దగ్గర తాతయ్య, ఆయన పక్కన నేను. జల్లెడ మూత తీసి, పటకారు లోపలికి పెట్టి లాగాడు. నూనెలో నాని నల్లబడిన పీలిక బయటికి వచ్చింది. ఒక మూల మాత్రం ఇంకా ఆకుపచ్చగానే ఉంది, దాని మీద ఒక పసుపు మామిడిపిందె. ఆ రోజు నేను తొడుక్కున్న రవికె అదే తానులోది. చాచా గుడ్డను చూశాడు, నా రవికె చూశాడు, తర్వాత తాతయ్య ముఖం చూశాడు. తాతయ్య పెదవులు పాలిపోయాయి. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను రెండు చేతులూ రవికె మీద అడ్డం పెట్టుకున్నాను.

చాచా పిడికిలి మూసి ఆ చెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు.

మళ్ళీ ఇంజను లేపితే ఒక్క చుక్క కారలేదు. ఏం దొరికింది మిస్త్రీ అని వెనక నుంచి ఒక కుర్రాడు అరిచాడు. చాచా చేతులు తుడుచుకుంటూ తిరిగాడు.

“ఏం లేదు. ప్యాకింగు సక్కగ కూసోలేదు. నాదే తప్పు సేటు.”

అందరూ తాతయ్య వైపు చూశారు. నేనూ చూశాను. ఇప్పుడు చెబుతాడు, ఇప్పుడు నోరు విప్పుతాడు అనుకున్నాను. తాతయ్య గొంతు సవరించుకున్నాడు.

“ఇగనన్న మంచిగ చెయ్యి,” అన్నాడు.

బావి దగ్గర చాచా చేతులు కడుక్కుంటుంటే నేను చెంబుతో నీళ్ళు పోశాను. ఏడుపు ఆగడం లేదు. ఆయన సబ్బు రుద్దుకుంటూ, నా వైపు చూడకుండా మెల్లగా మాట్లాడాడు.

“ఏడ్వకు బిడ్డా. ఇంజనుకు సుత ఊపిరి గావాలె. ఊపిరి గొట్టం మూస్తె లోపటి గాలి సందు దొరికినకాడల్ల నూనెను తోస్తది. కారినకాడ తప్పుండది, మూసినకాడ ఉంటది. గా గుడ్డ సంగతి ఇప్పుడు బయటవడితే పోరగాండ్లు మీ ఇంటి మీద రాళ్ళేస్తరు. ఇంట్ల నువ్వున్నవు, మీ అమ్మమ్మ ఉన్నది. నా షెడ్డుకు రేకులే గద, రాళ్ళు పడ్డా ఏం గాదు. నాలుగు దినాలు పోనీ, మీ తాతనే సక్కజేస్తడు. పెద్దమనిషి.”

నాలుగు రోజులు పోయాయి. నలభై రోజులు పోయాయి. చాచాది తప్పు కాదని చెప్పవా తాతా అని ఒకసారి అడిగాను. చెప్త బిడ్డా, టైం రానీ అన్నాడు. ఆ టైం రాలేదు. ఒక బస్తా బియ్యం మాత్రం మిల్లు మనిషితో చాచా ఇంటికి పంపించాడు. కట్టు విప్పకుండానే తిరిగి వచ్చింది. తాతయ్య దానికీ కోపం తెచ్చుకున్నాడు, ఇంత పొగరు పనికిరాదన్నాడు. మొదట గుడ్డ కుక్కింది తెలియక చేసిన పని. అది నేను ఎప్పుడో మన్నించాను. తెలిసిన తర్వాత ఊరుకున్నాడే, అది ఇప్పటికీ నాకు మింగుడు పడదు. తొలకరి పడకముందే చాచా షెడ్డు రేకులు ఊడదీసుకుని, పెండ్లాం పిల్లలతో సిరిసిల్ల వెళ్ళిపోయాడు. పోలీసుల మనిషని తేలిపోయింది కాబట్టే పారిపోయాడని ఊళ్ళో అనుకున్నారు.

పెండ్లయ్యాక కొన్నాళ్ళు మేం సిరిసిల్లలో ఉన్నాం. నేను అక్కడ బడిలో పంతులమ్మను. ఒక విద్యార్థి ఇంటికి పోయినప్పుడు, మరమగ్గాల షెడ్డులో మోటారు ముందర గొంతుక్కూచున్న ముసలాయన్ను చూశాను. ఆయనే నన్ను ముందు గుర్తుపట్టాడు. ముఖమంతా నవ్వు చేసుకుని లేచి, చాయ్ తెప్పించాడు. సేటు బండి ఉన్నదా అని అడిగాడు. తాతయ్య పోయాడనీ, బండి ఎప్పుడో అమ్మేశారనీ, మగ్గాల చప్పుడుకు చేతి సైగలతో చెప్పాను. నూనె కారుడు మల్ల రాలేదు గద అన్నాడు. రాలేదని తల ఊపాను. అప్పుడు చెప్పబోయాను, ఆ రోజు నిన్ను మోసం చేసింది నేనేనని, నన్ను క్షమించమని. ఆయన చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని ‘ఏంది బిడ్డా?’ అన్నాడు. మగ్గాల చప్పుడులో ఏళ్ళ తరబడి పనిచేసి చెవులు పోయాయట. స్క్రూ డ్రైవరు ఆనించి ఇంజను గుండె విన్న చెవులవి. గట్టిగా అరిస్తే వినేవాడే. చుట్టూ నలుగురు పనివాళ్ళున్నారు, పంతులమ్మను, సిగ్గేసింది. ఏం లేదు చాచా అన్నాను. చాయ్ తాగి వచ్చేశాను.

మళ్ళీ ఉద్యమం లేచిన రోజుల్లో మేం జగిత్యాలలో ఉన్నాం. చాచా అప్పటికే కన్నుమూశాడు. పాత ఉద్యమకారుల కుటుంబాలను సన్మానిస్తామని కొందరు పిల్లలు వచ్చి, మా తాతయ్య పేరు మీద నన్ను వేదిక మీదికి పిలిచారు. ఒకతను మైకులో ఆయన గొప్పతనం చెప్పాడు. పోలీసుల మనిషి ఒకడు కారు పాడుచేస్తే, నడిరోడ్డు మీద నూనె బట్టలతోనే నడుచుకుంటూ సభకు వచ్చిన మహానుభావుడట మా తాతయ్య. చప్పట్లు మోగాయి. నా భుజాల మీద శాలువా కప్పి, మైకు చేతికి ఇచ్చారు.

యాభై దాటిన మనిషిని. నన్ను కొట్టేవాళ్ళు లేరు, ఇంటి మీద రాళ్ళు వేసేవాళ్ళు లేరు. ఆయన పోలీసుల మనిషి కాదు, కారు పాడుచేసింది మేమే, ఈ ఒక్క మాట చాలు. మైకు నోటి దగ్గరికి తెచ్చుకున్నాను. ముందు వరసలో నా కొడుకు ఫోనుతో ఫోటో తీస్తూ నవ్వుతున్నాడు.

“అందరికీ ధన్యవాదాలు,” అని కూర్చున్నాను.

ఆ శాలువాను ఒక్కసారి కూడా కప్పుకోలేదు. బీరువాలో బట్టలు సర్దినప్పుడల్లా చేతికి తగులుతుంది. తగిలినప్పుడల్లా చాచా పిడికిలి జేబులోకి పోవడం కనబడుతుంది. ఫలానావాడు ద్రోహి అని ఎవరైనా గట్టిగా అంటుంటే నేను ఆ ఫలానావాణ్ణి చూడను, అరిచే మనిషి ఏం మూసిపెట్టుకున్నాడా అని చూస్తాను. ఇంతవరకే చాచా దగ్గర నేర్చుకున్నాను. చూసిన తర్వాత లాగి బయట పడేయడం నాకు రాలేదు. మా తాతయ్య ఆ గుడ్డను తెలియక కుక్కాడు. నేను తెలిసి కుక్కాను.